ఒక్క అక్షరం మర్యాద

అమెరికాలో ప్రతి మంచి బుద్ధికీ ఒక నెల కేటాయించి ఉంటుంది. భూమి గురించి బెంగపడడానికి ఏప్రిల్, ఫిలిపినోల గొప్పతనం తెలుసుకోవడానికి అక్టోబరు, ఈ నేల మీద మొదటినుంచీ ఉన్న ఆదివాసులను తలుచుకోవడానికి నవంబరు. నెల తిరగ్గానే ఎవరి బుద్ధి వారిదే. ఈ మాట నేను అన్నప్పుడల్లా చాముండక్క నా మీద విరుచుకుపడుతుంది. "ఏడాదికి ఓ నెలైనా తలుచుకుంటున్నారు కదండీ, సంతోషించండి" అంటుంది. ఆవిడకేం, సంతోషిస్తుంది. ఆ నెలలన్నిటికీ స్కూలు గోడల మీద అట్టలు అంటించేది ఆవిడే మరి.

పూర్తి పేరు చాముండేశ్వరి. అమలాపురం పక్కన ఊరు. కాలిఫోర్నియాలోని శాన్ రామన్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. భర్త విశ్వనాథం గారు ఈమధ్యే రిటైరయ్యారు. పిల్లలు పెద్దవాళ్ళయి ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళాక, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, మా పిల్లలు చదివే ఎలిమెంటరీ స్కూల్లో యార్డ్ డ్యూటీకి చేరింది. అంటే రిసెస్ అనే ఆటల విరామంలోనూ లంచ్‌లోనూ నారింజ రంగు కోటు తొడుక్కుని, మెళ్ళో ఈల వేసుకుని, పిల్లలు ఒకరి తల ఒకరు పగలగొట్టుకోకుండా చూసే పని. ఐదడుగులు కూడా లేని మనిషి ఈల ఊదితే ఐదో తరగతి పిల్లలు కూడా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోతారు.

ఏ నెల అట్ట అంటించినా ఆవిడ దాన్ని నమ్ముతుంది. అదీ ఆవిడతో వచ్చిన చిక్కు. మిగతావాళ్ళకు భూమి దినం ఏప్రిల్ ఇరవై రెండు. "మరి ఇరవై మూడున ఏం చేద్దామనండి?" అంటుంది ఈవిడ. చిప్స్ ప్యాకెట్ కింద పడేసిన పిల్లాడి వెనకాలే గ్రౌండంతా నడిచి, వాడి చేతే తీయించి, వాడి చేతే చెత్తబుట్టలో వేయించి, ఆఖర్న వాడికి థాంక్స్ చెప్పి వస్తుంది. 

థాంక్స్ ఎందుకంటే మర్యాద. భూమి తర్వాత ఆవిడ పట్టించుకునేది మర్యాదనే. కాదు, మర్యాద తర్వాతే భూమి అనాలేమో. గోదావరి మనిషి కదా, ఎవరితో మాట్లాడినా మాట చివర అండి ఉండాల్సిందే. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, నన్ను రాధారాణి గారూ అంటుంది. ఉయ్యాల బల్ల మీదనుంచి పడి ఏడుస్తున్న మూడేళ్ళ పిల్లను "లేవండి తల్లీ, ఏడవకండి" అని లేపడం నేను కళ్ళారా చూశాను. "అండి లేని మాట మొండి మాట" అన్నది ఆవిడ సొంత సామెత. ఇంగ్లీషులో అండి లేకపోవడం ఆ భాషకే పెద్ద లోటని ఆవిడ అభిప్రాయం.

మాది కరీంనగర్. మాకు ప్రేమ ఎక్కువైతే మర్యాద తగ్గుతుంది. మా నాయనమ్మను కూడా నేను నువ్వనే పిలిచాను. చాముండక్కను నువ్వు అని, అక్కా అని పిలిచే చనువు నాకు అలా వచ్చిందే. ఈ విషయం మీద మా ఇద్దరికీ వారానికొకసారైనా మాటామాటా వస్తుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆవిడ. నేనూ తక్కువ తినలేదు లెండి.

ఆదివారాలు తన గరాజ్‌లో పిల్లలకు తెలుగు నేర్పుతుంది. అక్కడ జరిగేది తెలుగు పాఠం కాదు, అండి పాఠం. నీల్ అని మా స్కూలు పిల్లాడే ఒకడున్నాడు, ఒట్టి గడుగ్గాయి. వాడు ఒకరోజు "ఆంటీ, నువ్వు స్నాక్ తెచ్చావా?" అన్నాడు. అక్క కళ్ళెర్ర చేసి "అండి?" అంది. వాడు కాస్త ఆలోచించి, "ఆంటీ, నువ్వు స్నాక్ తెచ్చావా అండి?" అన్నాడు. నేను నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను. అక్క మాత్రం వాడికి రెండు చేగోడీలు ఎక్కువ పెట్టింది. సగమైనా వచ్చింది కదా అని.

అలాంటి మనిషికి లోకంలో పడని మాట ఒకటే. అది "పో". మన పిల్లలకు తెలుగు వచ్చినా రాకపోయినా, ఇంట్లో వినీ వినీ పో, పోరా మాత్రం శుభ్రంగా పట్టుబడ్డాయి. వాళ్ళకు రావడంతో సరిపెట్టుకోకుండా స్కూలంతా పంచిపెట్టారు. కిక్‌బాల్ ఆటలో కొరియా పిల్లాడు బ్రెజిల్ పిల్లను "పోరా" అనడం మా స్కూల్లో వింతేమీ కాదు. పోయినేడు అక్క దీని మీద పెద్ద యుద్ధమే చేసింది. పో అన్నవాళ్ళెవరైనా సరే, రిసెస్ అయ్యేదాకా బెంచీ మీద కూర్చోవాలి. అది ఆవిడ పెట్టిన రూలు.

ఈ సెప్టెంబరులో రెండో తరగతిలో, మా అమ్మాయి హంసిక క్లాసులోనే, ఒక కొత్త పిల్ల చేరింది. పేరు లిగాయా. ఫిలిప్పీన్స్‌లోని బతంగాస్ నుంచి అమ్మమ్మతో కలిసి వచ్చింది. వాళ్ళమ్మ ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. చామనఛాయ, నూనె రాసి బిగించి అల్లిన జడ. అక్క ఆ పిల్లను చూసి అచ్చం మన పిల్లలాగే ఉందని ముచ్చటపడింది. పరుగెత్తుతూ పడి మోకాలు చెక్కుకుపోతే, తానే కడిగి, మందు రాసి, పట్టీ వేసి, "ఆర్ యూ ఓకే?" అని అడిగింది.

"ఎస్ పో" అంది లిగాయా.

అక్క తన చెవులను తానే నమ్మలేకపోయింది. "వాట్ డిడ్ యూ సే?" అంది.

"థాంక్యూ పో."

"హూ టాట్ యూ దిస్? నీల్?"

"నో పో."

ఇంకేముంది. ఆ మాట చెడ్డదని, పెద్దవాళ్ళతో అలా అనకూడదని గట్టిగా చెప్పి బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళతో "సారీ పో" అంది. అంతటితో అక్క సహనం కాస్తా ఆవిరైపోయింది. ఇంకోసారి ఆ మాట వినిపించిందంటే ఇంటికి కబురు పంపుతానంది. పాపం నీల్‌ను కూడా పిలిచి చివాట్లు పెట్టింది. వాడు నేను కాదంటే నేను కాదని మొత్తుకున్నాడు. వాడి మాట ఎవరు నమ్ముతారు?

సాయంత్రం నాకు ఫోన్ చేసి, "కట్టు కట్టినందుకు నన్ను పో అందండీ రాధారాణి గారూ! మనూరి పిల్లలే కాదు, మనీలా పిల్లలు కూడా చెడిపోయారండీ!" అని వాపోయింది.

తర్వాత కొన్ని వారాలకు హంసిక అన్నం తింటూ, "మమ్మీ, లిగాయా అసలు టాక్ చేయట్లేదు. టీచర్ అడిగినా జస్ట్ తల ఊపుతుంది" అంది. కొత్త దేశం, కొత్త బడి, అలవాటు పడుతుందిలే అనుకున్నాను. అక్కతో అంటే ఆవిడ మురిసిపోయింది. "చూశారా, ఒక్కసారి చెబితే ఎలా మారిందో! ఇప్పుడు ఏదడిగినా ఎంత బుద్ధిగా తల ఊపుతుందనుకున్నారు" అంది.

ఈసారి అక్టోబరులో జరగాల్సిన ఫిలిపినో కుటుంబాల కార్యక్రమం హాలు ఖాళీ లేక వెనక్కి జరిగింది. నవంబరులో ఎలాగూ బాలల హక్కుల దినం ఉంది, ఆదివాసీ భాషల కార్యక్రమం ఉంది, పర్యావరణ క్లబ్బువాళ్ళదీ ఏదో ఉంది. అన్నీ కలిపి ఒకే శుక్రవారం మధ్యాహ్నం చేసేద్దామన్నారు. ఒకే పందిట్లో నాలుగు పెళ్ళిళ్ళన్నమాట. ఒక్కో భాషవాళ్ళకు ఒక్కో బల్ల, తెలుగు బల్ల నాకు అప్పగించారు. బుధవారం స్కూలు వదిలాక హాలు సర్దడానికి అక్కతోపాటు నేనూ వెళ్ళాను.

అక్క అప్పటికే నిచ్చెన ఎక్కి, "ప్రతి బిడ్డకూ తన ఇంటి భాష మాట్లాడే హక్కు ఉంది" అన్న పెద్ద అట్టను గోడకు అంటిస్తోంది. వంకర ఉందా లేదా అని నన్ను మూడుసార్లు అడిగింది. ఇంతలో ఒక పెద్దావిడ సామాన్లతో లోపలికి వచ్చింది. తెల్లటి జుట్టు, పూల గౌను, నోటి నిండా నవ్వు. లిగాయా వాళ్ళ అమ్మమ్మ. వాళ్ళ భాషలో అమ్మమ్మను లోలా అంటారట, తననూ అలాగే పిలవమంది.

లోలా అక్క ముందు తల కొంచెం వంచి, "గుడ్ ఆఫ్టర్‌నూన్ పో, మేడమ్" అంది.

అక్క నిచ్చెన దిగుతూ దిగుతూ ఆగిపోయింది. డెబ్భై ఏళ్ళ మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టలేదు కదా. నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను. ఆఖరికి అక్కే గొంతు పెగల్చుకుని, ఆ పో అంటే ఏమిటని అడిగింది. మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే, నేను తెలుగులో చెబుతున్నాను.

లోలా ముఖం వెలిగిపోయింది. "మా బల్ల మీద రాసి పెడుతున్న మాట అదే! పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు చివర పో చేర్చాలి. గౌరవం అది. మా పిల్లలకు అమ్మ అన్న మాట తర్వాత నేర్పేది అదే. పో లేని మాట బట్టల్లేకుండా వీధిలోకి వచ్చినట్టు ఉంటుంది" అంది.

నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. పో అంటే అండి. అచ్చంగా, తు.చ. తప్పకుండా అండి. అక్కకు కూడా అర్థమైంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

లోలా తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "మా లిగాయా ఎంత చక్కగా అనేదో! ఇక్కడికి వచ్చిన నెలకే మానేసింది. అప్పుడే అమెరికా దాన్ని మింగేసిందనుకున్నాను. పెద్దవాళ్ళంటే లెక్కలేకుండా పోయిందా అని బాగా తిట్టాను. ఆనాటినుంచి నాతో మాట్లాడడమే మానేసింది, దేనికైనా తలే ఊపుతుంది. వాళ్ళ నాన్న ఓడ మీద పని చేస్తాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. సముద్రం మీద సిగ్నల్ ఉండదు, బొమ్మ రాదు, మాట ఒక్కటే. ఆయన తిన్నావా అమ్మా అని అడిగితే ఇది ఇక్కడ తల ఊపుతుంది. తల ఊపితే ఆయనకు ఎలా వినపడుతుంది చెప్పండి?"

అక్క చేతిలో ఉన్న టేపును చుట్టిందే చుట్టింది. తర్వాత బయటికి వచ్చి కార్లో కూర్చుంది. నేను వెళ్ళేసరికి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"అండి అన్నందుకు కూర్చోబెట్టానండీ" అంది. "నాకు అండి అని చెప్పిన పిల్లను నలుగురిలో బెంచీ మీద కూర్చోబెట్టానండీ!"

"నీకేం తెల్సక్కా? నీకు ఫిలిపినో వస్తదా?"

"రాకపోతే అడగాలి కదండీ. నోరు విప్పి ఒక్క మాట అడిగితే నా సొమ్మేం పోయింది?"

ఆ పిల్ల సంగతి అప్పుడు ఆలోచించాను. ఇంట్లో అనకపోతే అమ్మమ్మకు కోపం, బడిలో అంటే ఈవిడకు కోపం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏడేళ్ళది ఏం చేస్తుంది? అసలు నోరు తెరవకపోతే ఎవరికీ కోపం రాదని తేల్చుకుంది. పెద్దవాళ్ళిద్దరూ కలిసి దాని మర్యాదను రెండు వైపులనుంచీ లాగి, దాని గొంతే మూసేశారు. ఇద్దరూ మర్యాద కోసమే లాగారు, అదీ విచిత్రం.

"టీచర్‌కి చెప్దామక్కా. ఆమెనే పిల్లను పిలిచి మెల్లగ చెప్తది" అన్నాను.

"తప్పు నాదీ, సంజాయిషీ ఇంకొకరిదీనా?" అంది అక్క. "నేనే అడుగుతాను, క్షమాపణ."

"ఏడేండ్ల పిల్లనా? పెద్దోళ్ళు చిన్నోళ్ళకు దండం పెడ్తే ఆయుష్షు తగ్గుతదని మా నాయనమ్మ అనేది."

"నా ఆయుష్షు తగ్గితే తగ్గిందండీ, ఆ పిల్ల ఫోన్లో వాళ్ళ నాన్నతో మాట్లాడాలి" అంది. అలా అన్నప్పుడు ఆవిడ మీద నాకు ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. వారానికొకసారి పోట్లాడుకునే మనిషి కదా, పైకి మాత్రం "సరే, ముక్కు తుడుచుకో" అన్నాను.

గురువారం రిసెస్‌లో ప్రయత్నించింది. నారింజ రంగు కోటు తన వైపు రావడం చూడగానే లిగాయా పరుగెత్తికెళ్ళి ఆడపిల్లల బాత్‌రూంలో దూరింది. గంట కొట్టేదాకా బయటికి రాలేదు. అక్క ఆ రోజు మళ్ళీ ఈల కూడా ఊదలేదట. విశ్వనాథం గారు నాకు ఫోన్ చేసి, మీ అక్క వంట చేయలేదు, అడిగితే కరిచేలా ఉంది, ఏమైందమ్మా అని గుసగుసగా అడిగారు.

శుక్రవారం హాలు కిటకిటలాడింది. కాగితం ప్లేట్లు వాడకూడదని పర్యావరణ క్లబ్బు పిల్లలు గుమ్మంలోనే కాపలా కాశారు. అందరూ ఇంటినుంచి కంచాలు పట్టుకుని, అన్నదానానికి వచ్చినట్టు వరుసలో నిలబడ్డారు. నా పులిహోర పక్కనే లోలా నూడుల్స్ బల్ల. లిగాయా అమ్మమ్మ గౌను అంచు పట్టుకుని ఆవిడ వెనక నిలబడి ఉంది.

ముందుగా ఒక ఆదివాసీ పెద్దావిడ మాట్లాడింది. తమ భాషలో నమస్కారం చెప్పి, మా అందరి చేతా పలికించింది. ఒకప్పుడు ఈ కొండల్లో వినిపించిన భాష అట, ఇప్పుడు మళ్ళీ ఒక్కొక్క మాటే నేర్చుకుంటున్నారట. "మా అమ్మమ్మ బడిలో ఈ నమస్కారం చెప్పినందుకు మూల నిలబెట్టారు" అంది ఆవిడ, ఏ కోపమూ లేకుండా. "ఇంటికి వచ్చాక ఆమె ఇక ఎవరికీ ఆ మాట చెప్పలేదు. మా అమ్మకు కూడా. ఒక భాష ఆగిపోవడానికి అంతే చాలు."

నా పక్క కుర్చీ చప్పుడైంది. చాముండక్క లేచింది. పెద్దావిడ ప్రసంగం ఇంకా పూర్తి కాలేదు, ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో లేవడం అమర్యాద అని వందసార్లు చెప్పిన మనిషి, అందరి కాళ్ళూ తొక్కుకుంటూ బయటికి వచ్చింది. తిన్నగా ఫిలిపినో బల్ల దగ్గరికి వెళ్ళింది. నారింజ రంగు కోటు విప్పి కుర్చీ మీద పడేసింది. మోకాళ్ళ నొప్పులని పూజలో కూడా కుర్చీ వేయించుకునే మనిషి, ఆ గచ్చు నేల మీద లిగాయా ముందు చతికిలబడింది. పిల్ల పారిపోవడానికి వెనక గోడ తప్ప ఏమీ లేదు. నేను గబగబా వెనకాలే వెళ్ళాను.

"లిగాయా" అంది అక్క. "ఐ యామ్ సారీ, పో."

పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి.

"ఐ వాజ్ రాంగ్, పో. ఇట్ ఈజ్ ఎ గుడ్ వర్డ్, పో. వెరీ గుడ్ వర్డ్, పో. ఐ డిడ్ నాట్ నో, పో." గోదావరి మనిషి కదా, మొదలుపెడితే ప్రతి మాటకూ తగిలిస్తుంది.

నూడుల్స్ వడ్డిస్తున్న లోలా చెయ్యి ఆగిపోయింది. అక్క వంక చూసింది, మనవరాలి వంక చూసింది. ఏం జరిగిందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒక చేత్తో నోరు మూసుకుంది.

లిగాయా తల అడ్డంగా ఊపింది. అయిపోయింది, ఇక మాట్లాడదు అనుకున్నాను.

"నో" అంది లిగాయా.

సన్నటి గొంతు. హంసిక ఎక్కడినుంచో "షి టాక్డ్!" అని అరిచింది. నేను దాని నోరు మూశాను.

"యూ కాంట్ సే పో టు మీ" అంది లిగాయా. అక్క చేస్తున్న తప్పును ఇక భరించలేనట్టు ఉంది ఆ ముఖం.

"వై?" అంది అక్క. పిల్లలను కూడా అండి అనే ఊరినుంచి వచ్చిన మనిషికి నిజంగానే అర్థం కాలేదు.

"ఐ యామ్ ఓన్లీ సెవెన్" అంది లిగాయా. అక్కను తలనుంచి కాళ్ళదాకా చూసి, మర్యాదగా, చాలా మర్యాదగా చెప్పింది. "యూ ఆర్ ద ఓల్డ్ వన్, పో."

చాముండక్కను ముసలిదని అని బతికి బట్టకట్టినవాళ్ళు శాన్ రామన్‌లో లేరు. విశ్వనాథం గారు కూడా ఆ సాహసం చేయలేదు. ఆవిడ మాత్రం నేల మీద కూర్చుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా తల ఊపుతూనే ఉంది.

లోలా వంగి మనవరాలిని పొదివి పట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో అడిగింది. అంతే, గట్టు తెగింది. లిగాయా అమ్మమ్మ మెడ పట్టుకుని, ఊపిరి తీసుకోకుండా మాట్లాడడం మొదలుపెట్టింది. రెండు నెలల మాటలు. చెయ్యి చాచి మోకాలు చూపించింది, కిటికీలోంచి బెంచీ చూపించింది, అక్కను చూపించింది, చూపుడువేలు ఆడించి అక్క ఎలా తిట్టిందో కూడా చేసి చూపించింది. అందులో నాకు తెలిసింది పో ఒక్కటే. మాట మాటకీ ఒకటి ఉంది.

అక్క నా చెయ్యి ఊతగా పట్టుకుని లేవబోయి, లేవకుండా అక్కడే ఆగి వింది.

"ఏమంటుందండీ?" అని అడిగింది.

"ఇంకేమంటది అక్కా, నీ మీద చాడీలు చెప్తున్నది."

"చెప్పనివ్వండి" అంది చాముండక్క, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఎన్ని కావాలంటే అన్ని చెప్పనివ్వండి."